సౌండ్ లేని సీరియల్

బుధవారం రాత్రి, డిండోలి

ఈ వారం మా ఆయనకు రాత్రి పాళీ. పగలు నిద్రపోతాడు కాబట్టి మధ్యాహ్నం సీరియల్ సౌండ్ లేకుండానే చూస్తాం. ఈ రోజు అందులో కోడలు అత్తింటివాళ్లందరినీ నిలదీసింది. మాటలు వినబడవు కదా, నా పక్కన కూర్చున్న పక్కగది రాజక్క కోడలి మాట తనే అందుకుంది.

"ఏందయ్యా, మీ చాయ్ మీరే పెట్టుకోండ్రి!"

నవ్వు ఆపుకోలేక నోట్లో కొంగు కుక్కుకున్నాను.

కోడలు తలుపు ధడాలున వేసి వెళ్లిపోయింది. వెనక చాయ్ ట్రేతో నిలబడ్డ పనిమనిషి మాత్రం నోరు కూడా కదపలేదు. మా ఒంటిగదిలో తలుపు అట్లా వేస్తే, రాత్రంతా బట్ట నేసే సాంచాల దగ్గర నిలబడి వచ్చిన మనిషి ఉలిక్కిపడి లేస్తాడు.

"ఆ పనామె నువ్వే అనుకో. ఏమంటవ్ పిల్లా?" అంది రాజక్క.

"నేను కుట్టుమిషన్ నేర్వబోత," అన్నాను మెల్లగా.

"ఎవర్ని అడుగుతున్నవ్? టీవీనా, నన్నా?" దుప్పట్లోంచి ఆయన గొంతు. "పో మరి. రొట్టెలు నేను చేస్త. మాడినా తినాలె."

ఊళ్లో ఉన్న అత్తమ్మకు ఫోన్‌లో తనే చెప్తానన్నాడు. వద్దు, నేనే చెప్తానన్నాను. మనసు తేలిగ్గా ఉంది. కానీ మొదటి మాట ఏమనాలో...