గరగ మా గుమ్మం ముందు ఆగకముందే

రేవుపాలెం,
ఆదివారం.

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,
పురస్కారాల విభాగం,
గౌతమీ సాంఘిక పరిశోధనా పీఠం, రాజమహేంద్రవరం.

అయ్యా,

విషయం: ‘మతం – రాజకీయం’ ఉత్తమ పరిశోధనా పురస్కారం – ఏడో నిబంధన సడలించమని కోరుట – సడలించుటకు వీలుకానిచో, వీలుకాదని కాగితం మీద ముద్ర వేసి మంగళవారం లోపు పంపుట – గురించి.

రామచంద్రపురం దగ్గర గౌతమి ఒడ్డున ఉన్న రేవుపాలెం కాపురస్తురాలు, ఎం.ఏ. రాజనీతి శాస్త్రం చదివిన ఓలేటి వీరవేణి తమరికి విన్నవించుకొనునది ఏమనగా: మా ఊరి జాతర మీద నేను రాసిన పరిశోధనా వ్యాసానికి పురస్కారమూ, దానితోపాటు తమ పీఠంలో ఏడాదిపాటు పరిశోధన చేసుకునే అవకాశమూ మంజూరైనట్లు తమ ఈమెయిల్ ద్వారా తెలిసి మిక్కిలి సంతోషించితిని. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. కారణాలు దిగువ మనవి చేసుకొనుచున్నాను.

1. తమరు వ్యాసం మొత్తం చదివారో, సంగ్రహం మాత్రమే చూశారో తెలియదు గనుక నాలుగో అధ్యాయం క్లుప్తంగా చెబుతాను. మా ఊళ్లో సర్పంచిగా నిలబడేవాళ్ల పేరు ఎవరూ నోటితో చెప్పరు. ఎన్నికల ముందు వచ్చే రేవులమ్మ జాతరలో గరగ, అంటే నెత్తిన మోసే అమ్మవారి ఘటం, వీధి వీధీ తిరుగుతుంది. ప్రతి ఇంటి ముందూ కాసేపు ఆగి కదులుతుంది. ఒక్క ఇంటి ముందు మాత్రం కదలదు. డప్పులు ఆగిపోతాయి. ఆ ఇంటి ఆడమనిషి చెంబుతో పసుపునీళ్లు తెచ్చి గరగ మోసేవాడి కాళ్ల మీద పోస్తుంది. పోస్తే ఒప్పుకున్నట్టు. మర్నాడు నామినేషన్. ఊరంతా ఒకటే ఓటు. ‘అమ్మ ఆగింది’ అంటారు. ఎక్కడ ఆగాలో ముందురోజు సాయంత్రం ఐసు ఫ్యాక్టరీ అరుగు మీద పెద్దలు తేల్చి, గరగ మోసే ఆయనకి చెబుతారని కూడా అందులోనే రాశాను. ఆయన పేరు వెంకటరమణ అని రాయలేదు. అయినా మా ఊళ్లో గరగ మోసేది ఆయన ఒక్కడే.

2. పురస్కారం సంగతి పేపర్లో పడగానే నాకు తిట్లు తప్పవనుకున్నాను. మా కులపెద్ద పల్లంరాజు తాతయ్య నన్ను ఐసు ఫ్యాక్టరీ దగ్గరికి పిలిపించి సదరు అధ్యాయం చదవమన్నారు. మర చప్పుడు మీద వినబడాలని గొంతు చించుకుని చదివాను.

“ఇందులో అబద్ధం ఏవన్నా ఉందేంట్రా?” అని పక్కనున్న పెద్దల్ని అడిగారు.

“లేదండి. ఉన్నదే రాసింది.”

“మనం చెప్పకుండానే ఇంత కనిపెట్టిందంటే సామాన్యురాలు కాదు. ఈసారి ఆడవాళ్ల సీటు. ఇంక వేరేవాళ్లని వెతకడం దేనికి?”

“తాతయ్యా, అది విమర్శండి,” అన్నాను.

“విమర్శేనమ్మా, ఎవరు కాదన్నారు? శుభ్రంగా ఉంది.”

మా పద్ధతిని ఎండగడుతూ రాసిన అధ్యాయమే ఆ పద్ధతిలో నా అర్హతాపత్రం అయిందని తమరు గమనించ ప్రార్థన. గరగ మంగళవారం వస్తుంది. ఎక్కడ ఆగుతుందో ఊళ్లో పాలు పోసే ఆవిడకి కూడా తెలుసు.

3. పురస్కార ప్రదానం శుక్రవారం. తమ ఏడో నిబంధన ప్రకారం, ప్రదానం నాటికి గ్రహీత ఏ ప్రజాపదవికీ అభ్యర్థిగా ఉండరాదు. మతానికీ రాజకీయానికీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేసినవాళ్లకి బహుమతి ఇస్తూ, ఆ సంబంధం వాళ్ల గుమ్మంలోకి వస్తే మాత్రం తలుపు వేసుకోమనడం నాకు విచిత్రంగా ఉంది. ఇది ఫిర్యాదు కాదు. ఫిర్యాదే అనుకోండి.

4. మా పక్కింటి తలుపులమ్మ అత్త వాంగ్మూలం కూడా వ్యాసంలో ఉంది, పేరు మార్చి. కిందటిసారికి ముందు ఆడవాళ్ల సీటు వచ్చినప్పుడు గరగ ఆగింది ఆవిడ ఇంటి ముందే. మొన్న మళ్లీ వెళ్లి అడిగాను.

“నీళ్లు పోసిన రోజు కాళ్లకి పారాణి కూడా పెట్టుకున్నానే. ఆ తర్వాత ఆఫీసుకి వెళ్లింది మీ మావయ్య. నన్ను జెండా పండక్కి తీసుకెళ్లేవాడు.”

“మరి సంతకాలు?”

“అవి ఇంటికే వచ్చేవి. చేపలు తోముతుంటే తెచ్చేవాడు. చెయ్యి కడుక్కోనిచ్చేవాడులే, ఆ మాట చెప్పుకోవాలి.”

మా నాన్న ముసలయ్య గారు ఇప్పటికే తెల్లచొక్కాలు కుట్టించుకున్నారు. రేవులో ఎవరైనా “సర్పంచి గారూ” అంటే పడవలోంచి ఆయనే పలుకుతున్నారు. “అయితే నిలబడేది నేను కాదన్నమాట నాన్నా, మీరు” అంటే, “నువ్వేనమ్మా. నేను నీ వెనకాల ఉంటాను” అంటున్నారు. వెనకాల ఉండేవాళ్లకి తెల్లచొక్కాలు ఎందుకో తమరైనా విచారించగలరు.

5. నీళ్లు పోయకపోతే సరి కదా అని తమరు అనవచ్చు. తమ పీఠం ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ అన్నపూర్ణమ్మ గారు ఇదే అడిగారు. “ఆ స్త్రీ నీళ్లు పోయనంటే ఏమవుతుంది?” అన్నారు. “తిరస్కరించిన దాఖలా లేదు మేడమ్” అన్నాను, వ్యాసంలో రాసిన మాటే. ఆవిడ కళ్లజోడు తీసి, “దాఖలా లేదా, నువ్వు వెతకలేదా?” అన్నారు. అప్పటినుంచీ ఆ మాట నా లోపల ముల్లులా ఉంది. చేపముల్లు గొంతులో దిగితే అన్నం ముద్ద మింగి దింపుతాం. దీనికి ఏం మింగాలో తెలియడం లేదు. అమ్మవారిని వీధిలో నిలబెట్టినవాళ్ల పడవెక్కి మర్నాడు వల లాగడానికి ఎవరు వస్తారు? నాన్న ఒక్కరే ఆ వల లాగలేరు.

6. వ్యాసం రాసినంతకాలం నేను జాతరలో పక్కన నిలబడి చూసేదాన్ని. చూడటం నాకు బాగా వచ్చు. మూడు రోజులుగా కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే రేవు దాకా నడవాలనిపిస్తోంది, నడిస్తే వెనక్కి రావాలనిపిస్తోంది. మా అమ్మ నాగదుర్గ “ఒక్కచోట నిలబడవే, కళ్లు తిరుగుతున్నాయి నిన్ను చూస్తే” అంటోంది. తమ పీఠం గ్రంథాలయంలో కిటికీ పక్క కుర్చీ ఒకటి ఉంది. ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు అందులో కూర్చుని చూశాను. పంచాయతీ ఆఫీసులో కుర్చీ కూడా కిటికీ పక్కనే ఉంటుంది. అందులో ఇంతవరకు మా ఊరి ఆడది కూర్చోలేదు.

కావున తమరు దయతో ఏడో నిబంధనను నా విషయంలో సడలించవలెను. లేదా, సడలించక, నేను తప్పనిసరిగా శుక్రవారం హాజరు కావలెననీ, అభ్యర్థిత్వం నిషిద్ధమనీ గట్టి ఉత్తర్వు ఇవ్వవలెను. ఉత్తర్వు ఉంటే “నేను పోయననడం లేదు, గవర్నమెంటువాళ్లు వద్దంటున్నారు” అని చెప్పుకోవచ్చు. తమది గవర్నమెంటు సంస్థ కాదని మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డమని నాకు తెలుసు. తమరికి ఏది సులువైతే అది చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఓలేటి వీరవేణి

తా.క.: పై అర్జీ సోమవారం పంపుదామనుకుని పంపలేదు. ఈరోజు బుధవారం.

నిన్న సాయంత్రం గరగ వచ్చి ఆగింది. డప్పులు ఆగిపోయాయి. అమ్మ చెంబు నా చేతికిచ్చింది. నాన్న కొత్త చొక్కాలో పక్కన నిలబడ్డారు. నేను చెంబు వంచలేదు.

“తాతయ్యా, నీళ్లు పోస్తాను. ఒక్కమాట చెప్పండి. ఆఫీసులో కుర్చీలో ఎవరు కూర్చుంటారు?”

“అమ్మవారి ముందు అడిగే మాటేనా అది?” అన్నారు పల్లంరాజు తాతయ్య.

“ఇక్కడ చెప్తే తప్పరు కదండీ. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.”

గరగ నెత్తిన ఉన్న వెంకటరమణ గారు, “తొందరగా తేల్చండయ్యా, మెడ పడిపోతోంది” అన్నారు. అప్పుడు తలుపులమ్మ అత్త తన గుమ్మం దిగి వచ్చి నా పక్కన నిలబడింది. ఆవిడ వెనకాల ఇంకొందరు ఆడవాళ్లు దిగారు. తాతయ్య వాళ్లని చూశారు, గరగని చూశారు, చివరికి నాన్నని చూశారు.

“ముసలయ్యా, నువ్వు రేవుకి పో. కుర్చీలో పిల్లే కూర్చుంటుంది. అమ్మ సాక్షి.”

అప్పుడు పోశాను. ఈ పొద్దున నామినేషన్ వేసి వచ్చాను. కనుక నా మొదటి కోరికా, రెండో కోరికా రెండూ రద్దు. తమ నిబంధన తమ దగ్గరే ఉండనివ్వండి. పురస్కారం తర్వాతి వారికి ఇవ్వగలరు. ఆ కిటికీ పక్క కుర్చీ వారికి బాగుంటుందని చెప్పగలరు.

ఒక్కటి మాత్రం చేసిపెట్టండి. తమ గ్రంథాలయంలో ఉన్న నా వ్యాసం ప్రతిలో ‘తిరస్కరించిన దాఖలా లేదు’ అన్న వాక్యం దగ్గర ఈ కాగితం అతికించి, అన్నపూర్ణమ్మ గారికి చూపించండి. నీళ్లు పోయకపోతే ఏమవుతుందంటే, గరగ ఆగుతుంది. జనం ఆగుతారు. అప్పుడు అడగొచ్చు.

ప్రశంసాపత్రం కోసం అమ్మ రామచంద్రపురంలో ఫ్రేము కొనేసింది. అది గోడకి ఖాళీగా వేలాడుతోంది. తెల్లచొక్కాతో ఫొటో తీయించి అందులో పెడదామని నాన్న అంటున్నారు. ఖాళీగానే ఉండనీ, పదవీకాలం అయ్యాక చూద్దాం అన్నాను.

– వీరవేణి