పర్మిట్ ఇచ్చే డాక్టరు

2006 ఆగస్టు, సోమవారం

గుజరాత్‌లో మందు నిషేధమైనా మా బామ్మర్ది రాజేశానికి ఏ పూటా కరువు రాలేదు. చేతులు వణికి, మొన్న మరమగ్గంలో వేలు పోయేంత పనైంది. తాగుడు మాన్పించే చోటు ఖటోదరాలో ఉందని వెతికి పట్టుకున్నాను. "పానం బాగలేదంటే అక్కడి డాక్టరు తాగనీకి పర్మిట్ రాసిస్తదట, నడువ్‌రా" అని వాడికి అబద్ధం చెప్పాను. సన్నాసి, తలకు నూనె రాసుకుని, పెళ్ళినాటి చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు.

"తాగేది ఎవరు?" అని అడిగింది డాక్టరమ్మ. గోడమీద తాగుడు మానమని చెప్పే బొమ్మలు చూసి సంగతి పసిగట్టిన రాజేశం తడుముకోకుండా నన్ను చూపించాడు.

"ఈయనే మేడం, మా బావ. మా అక్క రోజూ ఏడుస్తది. జర మాన్పియ్యుండ్రి."

పుట్టి బుద్ధెరిగాక చాయ్ తప్ప తాగని నేను నోరు తెరిచాను. ఆమె వాడి వణికే చేతులు చూసి నవ్వు ఆపుకుంది.

"రోజూ రావాలి. తోడుగా ఒకరు కూర్చోవాలి."

"నేనొస్త మేడం" అన్నాడు వాడు, మహా ఉదారంగా.

ఇంట్లో చెబితే మా ఆవిడ పడీపడీ నవ్వింది, తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తమ్ముడు కదా. రేపు పొద్దున వాడు నిజంగా వస్తాడో, రాడో... వస్తే చాలు, ఎన్నాళ్ళయినా నేనే తాగుబోతునై కూర్చుంటాను.