కొనకుండా నడిపిన కార్లు

చెల్లీ,

మూడు నెలలుగా రెండు ఎస్‌యూవీల మధ్య ఊగిసలాడుతున్నానని నువ్వు ఫోనులో కోప్పడ్డావు. నోటితో చెప్పలేనిది రాస్తున్నాను.

తెల్లది గతుకుల మీద కూడా పడవలా సాగుతుంది. లోపల సీట్లు మన పాత సోఫా కంటే మెత్తన. నల్లదానికి పరుగెక్కువ, కానీ డిక్కీ చిన్నది. రెండూ వచ్చే ఏడాది కొత్త రూపంలో వస్తాయట. అందుకే ఆగానని అందరికీ చెబుతున్నాను. అది సాకు. మీ వదిన పోయాక, కారు నడిపి చూసే ఆ అరగంటే నా పక్కన ఒకరు కూర్చుని మాట్లాడుతున్నారు. అందుకని శనివారం ఒక షోరూముకు, ఆదివారం రెండోదానికి వెళ్తున్నాను.

"ఇంట్లో ఎంతమంది సార్?" అని మొదటిరోజు సేల్స్ అమ్మాయి అడిగితే నలుగురమని అబద్ధం చెప్పాను. మొన్న తనే తాళం చేతికిస్తూ, "అంకుల్, మీరు కొనరని మాకెప్పుడో అర్థమైంది. అయినా పర్లేదు, రండి. అలా ఓ రౌండేసొద్దాం" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. కారెక్కకుండానే ఇంటికి నడిచొచ్చేశాను.

ఒంటరిగా మళ్ళీ ఆ గడప తొక్కలేను. నువ్వొచ్చి పదిరోజులుండు. నీ మోకాళ్ళకు ఏది ఎక్కడం సులువైతే అదే కొందాం. పిలిస్తే వస్తావని తెలుసు. పిలవడమే ఇన్నాళ్ళూ నాకు చేతకాలేదు.

మీ అన్నయ్య