డెబ్బై అయిదో బంతి

అమ్మా,

వాణ్ణి ఆట మధ్యలో దించేశారని పేపర్లో చూసి కంగారు పడకు, వెస్లీ చెయ్యి బాగానే ఉంది. ఆపరేషన్ అయిన చెయ్యి కదా, పెద్ద బేస్‌బాల్ లీగుకు తయారయ్యే దాకా ఆటకు డెబ్బై అయిదు బంతులకు మించి విసరనివ్వరు. చేతిలో లెక్క యంత్రం మీట నొక్కుతూ ఆ బంతులు లెక్కపెట్టేది నేనే. శుక్రవారం ఆటకు ముందే "అక్కా, ఒకటి రెండు నొక్కడం మర్చిపోవే" అని బతిమాలాడు. నేను మర్చిపోలేదు. బంతి విసిరేవాడు అయిదో ఇన్నింగ్స్ పూర్తిచేస్తేనే జట్టు గెలుపు వాడి పేరున రాస్తారు. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే చాలు, సరిగ్గా అక్కడ లెక్క నిండింది. వాణ్ణి దించేయడానికి కోచ్ వెళ్లి బంతి ఇమ్మని చెయ్యి చాస్తే వీడు బంతి వెనక్కి దాచాడు!

"ఇలా తే నాయనా, పెళ్లికూతురి ఉంగరమా అది?" అన్నాడాయన.

రెండు రోజులు నాతో మాటల్లేవు. నిన్న పొద్దున నొప్పి లేదని తేలాక కోచ్ హద్దును ఎనభై అయిదు చేశాడు. వీడొచ్చి నా పళ్లెంలో బంగాళాదుంప వేపుడు లాక్కుని, "ఆ పదీ కూడా సరిగ్గా నొక్కు, రాక్షసీ" అన్నాడు.

వాడికి మందపాటి మేజోళ్లు పంపు. గోధుమ కోత మొదలైందా? నాన్నను కోచ్‌కి ఫోన్ చెయ్యనివ్వకు. చేతికి కాపలా నేనున్నానని తాతయ్యకు చెప్పు.

నీ కోరిన్