ఇంట్లో ఎంతమంది?

చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. ఈసారి జనాభా లెక్కల పని మా బడి పంతుళ్ళకు అప్పగించి, నన్ను కొండ అవతలి ఊరికి వేశారు. ఊరంటే ఒకటే వీధి. సగం ఇళ్ళకు తాళాలు. వయసులో ఉన్నవాళ్ళంతా పనులు వెతుక్కుంటూ పట్నాలు చేరారు. మిగిలినవాళ్ళు కొత్త మనిషి కోసం మొహం వాచి ఉన్నారు. ఏ గుమ్మం ఎక్కినా "కూర్చో బాబూ, మేమెక్కడికీ పోములే" అని సాయంత్రందాకా కదలనివ్వరు.

వీధి చివర ఒక టైలరమ్మ ఉంది. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. "ఇంట్లో ఎంతమంది?" అని అడిగాను.

"నేనూ, ఈ మిషనూ. మిషన్ని రాసుకోరుగా?" అంది కుడుతూనే. నవ్వాను.

"మరి మీ ఇంట్లోనండీ?"

ఊరందరినీ నేనడిగిన ప్రశ్నే. "ఒక్కణ్ణే" అని కాగితాలు సర్దుకుని లేచాను. తల్లీ, అమ్మ పోయాక నేను బాగున్నానని నీకు రాసినవన్నీ అబద్ధాలు. పొద్దున వండిందే రాత్రీ తింటున్నాను. రేడియో పెట్టుకునేది పాటల కోసం కాదు, ఇంట్లో ఒక గొంతు వినపడాలని.

ఆ తర్వాత గుండీ ఊడిందని ఒకసారి, కాలరు చిరిగిందని ఒకసారి, ఏదో వంకన వెళుతూనే ఉన్నాను. చివరికి ఆవిడే అంది: "గుండీలు మీరే తెంపుకొస్తున్నారని తెలుసులెండి. ఇలాగైతే చొక్కాయే మిగలదు."

ఆవిణ్ణి పెళ్ళి చేసుకుని మన ఇంటికి తీసుకొద్దామనుకుంటున్నాను. అడిగితే ఔననలేదు, కాదనలేదు. "ముందు మీ అమ్మాయిని అడగండి" అంది. అందుకే రాస్తున్నాను. నువ్వు వద్దంటే ఈ మాట మళ్ళీ ఎత్తను.

మీ నాన్న

నాన్నకు,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. మీ అల్లుడు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు. ఏడ్చింది పెళ్ళి గురించి కాదు. బాగున్నానని నువ్వు రాయడం, నమ్మినట్టు నేను జవాబివ్వడం, ఇద్దరికిద్దరం సరిపోయాం.

సంతోషంగా చేసుకో. ఒక్కటి మాత్రం వినాలి. ఆవిణ్ణి మన ఇంటికి తేవద్దు. అక్కడ ప్రతి గోడా అమ్మ సర్దుకున్నదే, పాపం ఆవిడ ఒక మేకు ఎక్కడ కొట్టుకుంటుంది? నువ్వే ఆ ఊరికి వెళ్ళు. బడికి బస్సుంది కదా. అమ్మ కళ్ళజోడు నాకివ్వు చాలు. పెళ్ళికి ముందురోజే దిగుతాం.

నీ కూతురు

తల్లీ,

మీరు బస్సెక్కి వెళ్ళిపోయినా ఊళ్ళో పోట్లాట తెగలేదు. మగపెళ్ళివారం మేమంటే మేమని సగం వీధి, కాదు మేమేనని మిగతా సగం. భోజనాలు మాత్రం రెండు వైపులా తిన్నారు. నీ కూతురు వీధిలో పరిగెడుతుంటే చూద్దామని, మంచం దిగని పక్కింటి తాతగారు కూడా అరుగుమీదకు వచ్చి కూర్చున్నారు. ఈ వీధిలో పిల్లల అల్లరి విని ఎన్నేళ్ళయిందో.

నేను లెక్కలు పంపాక ఊళ్ళో ఒక మనిషి పెరిగాడని ఆఫీసువాళ్ళకు చెప్పాను. గడువైపోయింది, మళ్ళీ లెక్కలదాకా ఆగమన్నారు. ఆగుతామన్నాను.

మీ పిన్ని నీ కూతురికి గౌను కుట్టింది. అంచు లోపలికి మూడు మడతలు పెట్టింది. అన్నెందుకని అడిగితే, "పిల్ల ఎదుగుతుంది కదండీ. ఒక్కో మడత విప్పించుకోవడానికి ఇక్కడికే రావాలి" అంది.

మీ నాన్న