తోకలో కూతపెట్టె

బావా,

విమానం కూలితే రేడియోలో కూతపెట్టి చోటు చెప్పే పెట్టె తెప్పించాను. అది లేకనేగా, మొదటి విమానం కూలినప్పుడు అడవిలో నిన్ను వెతకడానికి మాకు అన్ని రోజులు పట్టింది, నువ్వు ప్రాణాలతో దొరకలేదు. మనిద్దరం కట్టిన రెండో విమానం తాళం ఇన్నాళ్లూ అక్క కొంగుముడిలోనే ఉంది.

"ముందు ఆ పెట్టె ఎత్తుకోని యాడన్నా దాక్కోరా. నేను కనుక్కుంటేనే తాళం ఇచ్చేది" అంది.

నేనా దొరికేది! పెట్టె మీట నొక్కి, చంద్రగిరి కోట వెనక గడ్డివామిలో దూరాను. అక్క చేతిలో రేడియోతో నేరుగా వచ్చి, చెవి పట్టుకుని బయటికి లాగింది.

"దొంగోడా, ఇంక నువ్వు యాడ పడినా దొరికిపోతావు!"

పెట్టెను తోకలో బిగించాను. అక్క కొంగుముడి విప్పింది.

ఈ పొద్దున కోట చుట్టూ తిరిగొచ్చాను బావా! కింద అక్క రేడియో చెవికి ఆనించుకునే నిలబడింది. కూత వినబడనందుకు అంత సంబరపడిన మనిషిని నేనెక్కడా చూడలేదు.