రెండోసారి మోగని ఫోను

తార్నాక,
ఆదివారం, మధ్యాహ్నం.

పద్మక్కకు,

నీ చెల్లెలు శైలజ దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావు? అత్తమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను పంపిన నూనె రాసుకుంటోందా, లేక అటక మీద పెట్టేసిందా? ఫోన్లో అడిగితే "తగ్గిందిలే తల్లీ" అంటుంది గానీ, ఆ గొంతు వింటేనే తగ్గలేదని తెలిసిపోతుంది.

వారానికి రెండుసార్లు ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. మన ఇంట్లో ఫోనంటే స్పీకరు పెట్టడం, అత్తమ్మ పక్కన కూర్చోవడం. ఇది నువ్వొక్కదానివే చదవాల్సిన సంగతి. అంగన్‌వాడీకి పోయాక, పిల్లలు పడుకున్నాక చదువు. చదివాక అత్తమ్మకు చెప్పాలో వద్దో నీ ఇష్టం. పోయిన వారం నువ్వు అడిగిన మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది. కాస్త ధైర్యం వచ్చేదాకా ముందు ఇక్కడి కబుర్లు చెబుతాను.

ఎండలు ముదిరాయి. తార్నాకలో దిగి క్యాంపస్ లోపల మా డిపార్ట్‌మెంటు దాకా నడిచేసరికి చున్నీ తడిసిపోతోంది. గది బాగానే ఉంది. ఓనరమ్మది నెల్లూరు వైపు. నేను సంగటి కెలుకుతుంటే తలుపు దగ్గర నిలబడి, "రాగి ముద్ద తింటున్నావు, ఈ వయసుకే షుగరొచ్చిందా అమ్మా" అని జాలిపడింది. మా ఊళ్లో పసిపిల్లలకు కూడా ఇదే పెడతారంటే నమ్మలేదు. తిండికి లోటు లేదు గానీ, చెనిక్కాయల పొడి అయిపోయి పది రోజులైంది. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక డబ్బా ఇచ్చి పంపు, తెల్లగడ్డలు కాస్త ఎక్కువ వేసి. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. బెంగ పెట్టుకోకు.

నా పని గురించి నువ్వు ఎన్నిసార్లు అడిగినా సరిగ్గా చెప్పలేదు. ఈసారి చెబుతాను, ఎందుకంటే నీ ప్రశ్నకు జవాబు అందులోంచే చెప్పాలి. మా మిద్దె మీద పెద్ద మూకుడు లాంటి యాంటెన్నా ఉంది. ఎక్కడో ఇంకో నక్షత్రం పక్కన, మన భూమి లాంటి చోట, ఎవరైనా ఉండి రేడియో వాడుతుంటే ఆ చప్పుడు మనదాకా రావచ్చు. అది వస్తుందేమోనని వినడమే మా పని. పగలంతా వింటాం, రేడియోకు చీకటి అక్కర్లేదు. ఆకాశం ఎప్పుడూ సుయ్యిమంటూనే ఉంటుంది. బావ అంగట్లో రేడియో ముల్లును రెండు స్టేషన్ల మధ్య ఆపితే వచ్చేది చూడు, అదే చప్పుడు. మా కంప్యూటరు తెర మీద అది ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. ఆ ఇసుకలో ఒక సన్నటి గీత కనిపిస్తే ఎవరో మాట్లాడి ఉండొచ్చని అర్థం.

నాకు ఆ చప్పుడు వినడం నేర్పింది బావే. అమ్మానాన్నలు పోయాక నేను మీ ఇంటికి వచ్చిన కొత్తలో, బడి అయిపోగానే అంగట్లో కూర్చునేదాన్ని. రిపేరుకొచ్చిన రేడియో నా చెవి దగ్గర పెట్టి, "ఇది ఉత్త చప్పుడు కాదు మ్మే. దీంట్లో యాడో ఎవురో మాట్లాడతాంటారు. ఓపిగ్గా ముల్లు తిప్పల్ల, అంతే" అనేవాడు. ఇప్పటికీ నేను చేస్తున్నది అదే.

కిందటిసారి ఇంటికొచ్చినప్పుడు ఈ పని సంగతి ఎత్తితే అత్తమ్మ ఏమందో గుర్తుందా? "మన ఇంట్లో మనిషినే కనిపెట్టలేకపోతిమి, ఆకాశంలో వాళ్లను కనిపెడతావా మ్మే" అంది. నువ్వు లేచి వంటింట్లోకి పోయావు. ఆమె వెక్కిరించడానికి అనలేదులే. పన్నెండేళ్ల కిందట బావ టీవీ సామాన్లకని గుడ్డసంచి పట్టుకుని కర్నూలు బస్సెక్కి పోయినవాడు మళ్లీ రాలేదు, కన్నతల్లి మాత్రం ఏం మాట్లాడుతుంది?

మా పనిలో మోసపోవడమే ఎక్కువ. పోయిన చలికాలంలో ప్రతి సాయంత్రం తెర మీద చిటపటమని గీతలు వచ్చేవి. నేను తిండి మానేసి మరీ లెక్కలు కట్టాను. చివరికి చూస్తే మా అటెండరు యాదగిరన్న మెట్ల గదిలో కూర్చుని దోమల బ్యాటు ఊపుతున్నాడు. అది ఇక్కడ వాడొద్దన్నా అంటే, "గీ బ్యాటు గూడ మీ మిషన్‌కు దుష్మనేనా అమ్మా? మరి నన్ను దోమలు కుట్టుడు ఎవలు బంద్ చేస్తరు?" అన్నాడు. అందుకే మాకో పద్ధతి ఉంది. గీత కనిపించగానే యాంటెన్నాను పక్కకు తిప్పేస్తాం. పక్కకు తిప్పినా అది వినపడుతూనే ఉంటే, ఆకాశానిది కాదు, మన దగ్గర పుట్టిన చప్పుడే. తిప్పితే పోయి, మళ్లీ అటు పెడితే వచ్చిందంటే అప్పుడు రిజిస్టరు తీస్తాం.

నేను నీ గురించి కూడా ఈ లెక్కే వేసుకున్నానక్కా. గేటు చప్పుడైతే నువ్వు తల తిప్పుతావు. అంగన్‌వాడీలో ఉన్నా అంతే, బజారులో ఉన్నా అంతే. ఎటు తిప్పినా వినపడుతోందంటే అది నీ లోపలి చప్పుడే, బయట ఎవరూ లేరు అనుకునేదాన్ని. ఒక్క మాటలో చెప్పాలంటే, నీ ఆశను దోమల బ్యాటు కింద జమకట్టేశాను. బావకు తెలిసిన నీ పాత నంబరుకు రీచార్జి చేయించడం ఆపేయమని పోరింది కూడా అందుకే. నువ్వు "ఉండనీలే" అని ఊరుకున్నావు.

నెల కిందట ఒక గీత వచ్చింది. సన్నగా, నిటారుగా, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు. యాంటెన్నా తిప్పాను, పోయింది. మళ్లీ అటు పెట్టాను, వచ్చింది. కాసేపుండి ఆగిపోయింది. సారుకు ఫోన్ చేశాను. మా సారు పరుగున మిద్దెక్కి వచ్చారు. ఆయన పెద్దాయన, కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. యాదగిరన్నను బ్యాటు ఎక్కడుందని అడిగితే, అది ఇంట్లోనే ఉందని పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అదే వేళకు, అదే వైపుకు పెట్టి చూస్తున్నాం. మళ్లీ రాలేదు.

పోయిన వారం సారును అడిగాను, దీన్ని ఏమని రాయాలని. "ఒక్కసారి విన్నది దొరికినట్టు కాదమ్మా. రెండోసారి వినాలి. అలాగని కొట్టేసే హక్కు మనకి లేదు, రిజిస్టర్లో రాసి ఉంచు" అన్నారు. రెండోసారి ఎప్పటికీ రాకపోతేనో అని అడిగాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "రాకపోతే రాలేదని రాస్తాం. లేరని రాయం" అన్నారు.

నాకు అక్కడే కళ్లు తిరిగినట్టయి మెట్ల మీద కూర్చున్నాను. ఎండదెబ్బ అనుకుని యాదగిరన్న మజ్జిగ తెచ్చిచ్చాడు. ఎండదెబ్బ కాదు. ఆ ముందు రోజే నువ్వు ఫోన్ చేశావు. పన్నెండేళ్లు నిండుతున్నాయి, వచ్చే అమావాస్యకు దర్భలతో బావ బొమ్మ చేసి, దహనం చేసి, కర్మ జరిపించేయమని పురోహితుడు అత్తమ్మకు చెప్పాడన్నావు. ఆ తర్వాత నీకు బొట్టూ గాజులూ ఉండవని నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. "నువ్వు సదువుకున్నేదానివి. యాడో బతికుండేవాళ్లను కనుక్కునే పని చేస్తాండావు. చేయమంటావా, వద్దంటావా? నువ్వేం చెప్తే అదే చేస్తా" అన్నావు. ఆలోచించి చెబుతానని పెట్టేశాను. ఆలోచించడానికేం లేదు, చెప్పడానికే ఉంది. ఇప్పుడు చెబుతున్నాను.

బావ కనపడకుండా పోయిన ఆరో నెల. గుంతకల్లు స్టేషన్లో ఎవరో చూశారంటే ఫోటో పట్టుకుని పోయి, మూడు రోజులు ప్లాట్‌ఫారాల మీద తిరిగి, జ్వరంతో వచ్చి పడ్డావు. జ్వరం తగ్గి ఆ రోజు మధ్యాహ్నమే మొదటిసారి నిద్రపోయావు. నీ ఫోను ఫ్రిజ్ మీద ఛార్జింగులో ఉంది. మోగింది. నువ్వు లేస్తావని పరుగెత్తి ఎత్తాను. అవతల ఎవరూ మాట్లాడలేదు. రాంగ్ నంబరైతే పెట్టేస్తారు కదా, పెట్టలేదు. ఊపిరి వినపడింది. వెనకాల బస్సు చప్పుడు, కండక్టరు "తార్నాక, తార్నాక" అని అరవడం వినపడింది. తర్వాత కాయిన్ ఫోన్లో టైమైపోయేముందు వచ్చే పీక్ పీక్ శబ్దం వచ్చి, కట్టయిపోయింది. వేసిన రూపాయి అయిపోయేదాకా ఉన్నాడక్కా, ఎవరైతేనేం.

నంబరు చూశాను. 040 అని ఉంది, హైదరాబాదుది. మిగతా అంకెలు చదవలేదు. నువ్వు పక్కకు ఒత్తిగిల్లావు. లేపి చెబితే, ఒంట్లో ఓపిక లేకపోయినా ఆ రోజే హైదరాబాదు బస్సెక్కుతావని నాకు తెలుసు. ఫోన్లోంచి ఆ కాల్ నంబరు చెరిపేశాను. నిన్ను కాపాడుతున్నానని అనుకున్నాను. బావ మీద కోపం కూడా ఉంది, అదీ చెప్పాలి. నీ ముఖం చూస్తుంటే, వాడు మాట్లాడదలుచుకుంటే మళ్లీ చేస్తాడులే అనిపించింది. మళ్లీ రాలేదు.

ఇంటరయ్యాక తిరుపతిలో సీటొచ్చినా వద్దని ఏడ్చి, ఇక్కడికే వచ్చాను చూడు, అందరూ ఎందుకని అడిగారు. అందుకే. తార్నాక అని విన్నాను కాబట్టి ఇక్కడే ఉంటాడనుకున్నాను. వచ్చిన మొదటి వారమే వారాసిగూడలో బస్సు కోసం నిలబడి ఉంటే, కండక్టరు తలుపులోంచి వంగి "తార్నాక, తార్నాక" అని అరిచాడు. బస్సు ఎక్కడికి పోతుందో అది అరుస్తారు గానీ, ఎక్కడున్నదీ అరవరని అప్పుడు తెలిసింది. మన ఊళ్లో ఎన్ని బస్సులు చూడలేదు? ఆ మాత్రం బుద్ధి లేకపోయింది. తార్నాకకు వచ్చే బస్సులు ఆగే చోటల్లా చూడాలంటే సగం ఊరు చూడాలి.

అయినా చూశాను. ఆదివారాలు వారాసిగూడ, బౌద్ధనగర్, మల్కాజ్‌గిరి తిరిగాను. టీవీలు, రేడియోలు బాగుచేసే కొట్టు కనిపిస్తే ఆగి, కుడి బొటనవేలి మీద సోల్డరింగు కాలిన మచ్చ ఉన్న పొడుగాటి మనిషి పనికి వచ్చాడా అని అడిగేదాన్ని. ఒక ముసలాయన స్టూలు వేసి కూర్చోబెట్టి, "ఏ జమానా మాట అమ్మా అది, రేడియోలు ఇప్పుడెవలు బాగు చేయిస్తున్నరు? నీకేమైతడు ఆయన?" అన్నాడు. మా అక్క భర్త అన్నాను. "మీ అక్క రాలేదేంది మరి?" అన్నాడు. ఆ కొట్టు వైపు మళ్లీ పోలేదు. కొట్లు మూతపడ్డాయి, కాయిన్ ఫోన్లు పోయాయి. ఇప్పటికీ బస్సులో కిటికీ పక్క సీటే చూసుకుంటాను. మిద్దె మీద హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆకాశం చప్పుడులో ఆ ఊపిరి వినపడుతుంది. నాకు భయమేస్తుందక్కా. విన్నది నేనొక్కదాన్నే, దాన్ని చెరిపిందీ నేనే.

నీ ప్రశ్నకు జవాబు ఇదే. కర్మ చేయమని చెప్పలేను, వద్దని చెప్పలేను. ఆ ఫోను బావే చేశాడని చెప్పలేను. అప్పుడు ఉన్నా, ఇప్పుడు ఉన్నాడని చెప్పలేను. కానీ ఈ సంగతి తెలియకుండా నువ్వు దర్భలకు నిప్పు పెడితే, ఆ నిప్పు పెట్టింది నువ్వు కాదు, నేనే. తెలిసి, నీకు చేయాలనిపిస్తే చేయి, వచ్చి నీ పక్కన నిలబడతాను. వద్దనిపిస్తే అప్పుడూ వస్తాను, అత్తమ్మకు నేనే చెప్పుకుంటాను. ఆమె ఏమన్నా పడతాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా అర్థం చేసుకుంటాను. కొన్నాళ్లే మాట్లాడకు, ఎప్పటికీ అని అనుకోకు.

ఆ పాత నంబరు తీసేయకు. ఇకనుంచి దాని రీచార్జి నేను చేయిస్తాను. నీ ఇంటి రిజిస్టర్లో నేను చెరిపిన ఒక్క గీతనూ ఈ ఉత్తరంతో మళ్లీ రాసి పెడుతున్నాను.

వేళకు తిను. ఎండలో గొడుగు లేకుండా అంగన్‌వాడీకి పోవద్దు. అత్తమ్మ కాళ్లకు నా తరఫున మొక్కు, నూనె మాత్రం నువ్వే దగ్గరుండి రాయి. పక్కింటి రామలక్షుమ్మను అడిగానని చెప్పు. నన్ను పెంచిన చేతులు నీవి. దీవించాలనిపిస్తే దీవించు, తిట్టాలనిపిస్తే తిట్టు, రెండూ తలవంచి తీసుకుంటాను.

నీ చెల్లెలు,
శైలజ

తా.క.: ఒక్కటి రాయకుండా వదిలేశాను, కవరు అంటించబోయి మళ్లీ తీశాను. ఆ రోజు ఫోన్లో నేనూ ఊరికే లేను. "బావా, నువ్వేనా?" అని అడిగాను. మెల్లగా, నువ్వు లేవకుండా. అవతల ఎవరూ కాదనలేదక్కా.